పెద్ద చదువులు, కంప్యూటర్లు ఆఫ్రికా దేశాలకు కూడు పెడతాయా?

మీరు అడిగినవి రెండు. హైదరాబాదును ఐటీ మార్చినట్టు ఆఫ్రికా దేశాలను విశ్వవిద్యాలయాలు, ఐటీ కలిసి మార్చగలవా అన్నది మొదటిది. ఎంటెక్ పూర్తిచేసి ఇథియోపియాలో లెక్చరర్ ఉద్యోగం సంపాదించిన మీరు అక్కడికి వెళ్లి ఎవరికైనా పనికొస్తారా అన్నది రెండోది. నేను ఇథియోపియాలో ఆరేళ్లు కంప్యూటర్ సైన్స్ చెప్పాను. తర్వాత నాలుగేళ్లు కెన్యా రాజధాని నైరోబీలో ఉండి కళాశాలలకు నెట్‌వర్క్‌లు వేసే పని మీద తిరిగాను. రెండింటికీ నా జవాబు అవుననే. కాకపోతే మీరు ఊహిస్తున్న దారిలో కాదు. ఫలితం కనిపించిన ప్రతిచోటా విశ్వవిద్యాలయంలో ఒకరిద్దరు తమ ఊరి ఇబ్బందిని తమ పనిగా నెత్తికెత్తుకున్నారు, ఎత్తుకున్నాక నాలుగైదేళ్లు అక్కడే నిలిచారు. నిలిచేవాళ్లు లేనిచోట కొత్త భవనానికి వేసిన రంగు వెలిసిపోవడం తప్ప ఏమీ జరగలేదు.

ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. నేను కళ్లారా చూసింది తూర్పు వైపు నాలుగైదింటిని. మిగతా వాటి గురించి చదివిందీ, అక్కడ పనిచేసిన మిత్రుల ద్వారా విన్నదీ చెబుతాను.

ముందు నేను పనిచేసిన చోటి సంగతి. ఆ విశ్వవిద్యాలయం రాజధాని అడిస్ అబాబాకు బస్సులో ఒక పగటి దూరం. ల్యాబ్‌లో నలభై కంప్యూటర్లు, నడిచేవి ఇరవై ఆరు. కరెంటు పోగానే పిల్లలందరూ ఒకే గొంతుతో "మెబ్రాట్ యెల్లెమ్" అనేవారు, అంటే కరెంటు లేదని. నాకు వచ్చిన మొదటి అమ్హారిక్ వాక్యం అదే. రెండోది "నెట్‌వర్క్ యెల్లెమ్". ఈ రెండూ వస్తే మొదటి నెల గడిచిపోతుంది.

విద్యార్థుల నమోదుకు అక్కడ బయటి దేశంలో కొన్న సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. అందులో ఇంటిపేరు గడి నింపకపోతే తెర ముందుకు కదలదు. ఇథియోపియాలో ఇంటిపేర్లు ఉండవు. తన పేరు, దాని పక్కన తండ్రి పేరు, అవసరమైతే తాత పేరు. ఒక గుమాస్తా ఇంటిపేరు గడిలో తండ్రి పేరు కొడితే, ఇంకొకరు తాత పేరు కొట్టేవారు. ఒకే పిల్లవాడు ఇద్దరు మనుషులుగా మారి, మొదటి ఏడాది మార్కులు ఒకరి ఖాతాలో, రెండో ఏడాదివి మరొకరి ఖాతాలో ఉండేవి. ఇంటిపేరు ముందు రాసుకుని, విదేశీ దరఖాస్తుల్లో పేరు తలకిందులైపోయే మన తెలుగువాళ్లకు ఈ బాధ కొత్తగా చెప్పాల్సింది కాదు.

దానికి తోడు క్యాలెండర్. వాళ్ల ఏడాదికి పదమూడు నెలలు. పన్నెండు నెలలు ముప్పై రోజుల చొప్పున, చివర పగుమె అనే చిట్టి నెల, అయిదు రోజులు లేదా ఆరు. మన అధిక మాసం లెక్క తెలిసినవారికి ఇదేమంత వింత కాదు గానీ ఆ సాఫ్ట్‌వేర్‌కు పదమూడో నెల అన్నది లేనే లేదు. పగుమెలో పుట్టినవాళ్లందరినీ గుమాస్తాలు వాళ్ల ఉగాదికి, అంటే మెస్కెరెమ్ 1కి, నెట్టేసేవారు. రికార్డులు చూస్తే పండగ రోజున పుట్టినవాళ్లు మా దగ్గర మరీ ఎక్కువగా కనబడేవారు.

చివరి సంవత్సరం ప్రాజెక్టు అంటే అప్పటిదాకా అందరూ గ్రంథాలయ నిర్వహణ ప్రోగ్రామే రాసేవారు, అదీ సీనియర్ల దగ్గర తీసుకున్నదే. ఒక ఏడాది నలుగురు విద్యార్థులను ఆ ప్రాజెక్టు మాన్పించి, రెండు వారాలు రిజిస్ట్రార్ కౌంటర్ వెనక కూర్చోబెట్టాను. కోడ్ రాయవద్దు, జరిగేది చూసి కాగితం మీద రాయండి అన్నాను. వాళ్లు పట్టుకొచ్చిన విషయం నాకు తట్టనిది. పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు కాబట్టి వెతుకులాట అమ్హారిక్ లిపిలోనే జరగాలి. అలాగని అక్కడా చిక్కుంది. ఆ లిపిలో ఒకే "హ" ధ్వనికి మూడు అక్షరాలున్నాయి, "స"కు రెండున్నాయి. ఒకే పేరును తల్లి ఒక అక్షరంతో, బడి మరో అక్షరంతో రాసి ఉంటాయి. వెతికేటప్పుడు వీటన్నిటినీ ఒకటిగా చూడాలి. వాళ్లు ఆ పట్టిక వేశారు, పేరుకు మూడు గడులు పెట్టారు, పదమూడో నెల చేర్చారు. ధ్రువపత్రం కోసం మూడు రోజులు తిరిగేవాళ్లు అదే పూట తీసుకుని బస్సెక్కారు.

ఆ నలుగురిలో ఒకమ్మాయి తర్వాత పక్క పట్టణంలో చిన్న ఆఫీసు పెట్టి ప్రైవేటు కళాశాలలకు, క్లినిక్కులకు ఇదే పని చేసిపెట్టింది. నేను వచ్చేసేనాటికి ఏడుగురికి జీతాలు ఇచ్చేది. మీరు అడిగిన ఆర్థికాభివృద్ధి నేను దగ్గరగా చూసినంతలో ఈ పరిమాణంలో ఉంటుంది. ఇక మా విశ్వవిద్యాలయంలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. మిగిలిన ముగ్గురూ రెండేళ్లలో తలో దేశం వెళ్లిపోయారు. మూడో ఏడు సర్వర్ డిస్కు పోయింది. బ్యాకప్ ఉంది, దాన్ని తిరిగి ఎక్కించగలవాడు లేడు. కౌంటర్ దగ్గరకు మళ్లీ పెద్ద రిజిస్టర్లు వచ్చాయి.

ఇథియోపియా ప్రభుత్వం చదువు మీద డబ్బు పెట్టలేదని కాదు. ఒకప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఉన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఇప్పుడు నలభై దాటాయి. 2008లో నూటికి డెబ్బై మంది విద్యార్థులు సైన్సు, ఇంజనీరింగు వైపే వెళ్లాలనే విధానం పెట్టారు. భవనాలు లేచినంత వేగంగా అధ్యాపకులు తయారు కారు కదా. ఆ ఖాళీలోకే మనవాళ్లు వందల్లో వెళ్లారు, తెలుగువాళ్లం అందులో తక్కువేమీ కాదు. అటునుంచి ఇథియోపియా లెక్చరర్లు పీహెచ్‌డీకి విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వస్తూ ఉంటారు. ఈ రాకపోకల్లో నాకు నచ్చేది రెండోదే. మనం ఒప్పందం అయిపోగానే పెట్టె సర్దుకుంటాం, వాళ్లు తిరిగి వెళ్లి తమ విభాగంలో పాఠం చెబుతారు.

ఇప్పుడు నెట్‌వర్క్ సంగతి. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే విశ్వవిద్యాలయాలు ఆర్థిక వ్యవస్థకు చేసిన మేలు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఇక్కడే, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే.

2009 జూలై దాకా కెన్యా, టాంజానియా తీరాల్లో సముద్రం అడుగున పనిచేసే ఫైబర్ కేబుల్ లేదు. ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం మీదుగా రావాలి. ఒక మెగాబిట్ సామర్థ్యానికి నెలకు వేల డాలర్లు. వేలమంది విద్యార్థులున్న విశ్వవిద్యాలయం మొత్తానికి ఈనాడు మన ఇంట్లో ఒక్క ఫోను వాడుకునేంత కూడా వచ్చేది కాదు. ఆ జూలైలో సీకామ్ కేబుల్ మొదలైంది. దాని ఒక కొస మన ముంబైలో ఉంది. అదే ఏడాది కెన్యా ప్రభుత్వం భాగస్వామిగా ఉన్న టీమ్స్ కేబుల్, మరుసటి ఏడాది ఈసీ కేబుల్ మొంబాసా తీరానికి చేరాయి.

కేబుల్ తీరానికి వచ్చినంత మాత్రాన లోపలి ఊరి కళాశాలకు చౌకగా అందదు. టెలికం కంపెనీ దగ్గరకు ఒక్కో కళాశాల ఒంటరిగా వెళితే చిల్లర ధరే పలుకుతుంది. అందుకని కెన్యాలో విశ్వవిద్యాలయాలు, కళాశాలలు కెనెట్ అనే ఉమ్మడి సంస్థగా ముందే కూడాయి. అది 1999లోనే పుట్టింది. అందరి అవసరమూ ఒకచోట చేర్చి టోకుగా కొని, లోపల పంచుకోవడం దాని పని. ఊరంతా కలిసి లారీ ఎరువు తెప్పించుకున్నట్టు. 2005లో అయిదు దేశాల విద్యా నెట్‌వర్క్‌లు కలిసి ఉబుంటునెట్ అలయన్స్ పెట్టుకున్నాయి, ప్రధాన కార్యాలయం మలావీలో. ఇథియోపియాకూ అలాంటిది ఒకటుంది, దాని పేరు చమత్కారంగా ఎథర్‌నెట్.

ఇందులో ఆర్థికాభివృద్ధి ఏముంది అంటారా? చవక ఇంటర్నెట్ అందులో చిన్న భాగం. ఈ నెట్‌వర్క్‌లు నడపడానికి రౌటర్ ముందు కూర్చుని అర్ధరాత్రి తప్పు వెతకగల మనుషులు కావాలి. విశ్వవిద్యాలయాల సర్వర్ గదుల్లోనే వాళ్లు తయారయ్యారు. నైరోబీలో నేను పనిచేసిన చోట పరిచయమైన బ్యాంకు, టెలికం ఇంజనీర్లలో చాలామంది ఏదో ఒక కళాశాల సర్వర్ గదిలో రెండేళ్లు నేల మీద కూర్చుని కేబుల్ చివరలు నొక్కినవాళ్లే. విభాగాధిపతులకు మాత్రం ఇది ఒక ఫిర్యాదు: మేము నేర్పుతాం, బ్యాంకు మూడింతల జీతమిచ్చి ఎగరేసుకుపోతుంది అని. ఫిర్యాదు నిజమే. దేశానికి చూస్తే అదే లాభం.

మొబైల్ డబ్బు పేరు మీరు తప్పక ఎత్తుతారు కాబట్టి ఒక నిజం ముందే చెబుతాను. కెన్యాలో 2007 మార్చిలో మొదలైన ఎం-పెసా ఏ విశ్వవిద్యాలయంలోనూ పుట్టలేదు. అక్కడి ఫోను కంపెనీ సఫారీకామ్, దాని వెనక ఉన్న వోడాఫోన్, బ్రిటన్ ప్రభుత్వ సాయంతో తెచ్చిన సేవ అది. చిన్న రుణాల వాయిదాలు ఫోనులో కట్టించుకుందామని ప్రయోగం మొదలుపెడితే, జనం దాన్ని పట్నం నుంచి ఊరికి డబ్బు పంపుకోవడానికి వాడుకున్నారు. 2015 దాకా దాని సర్వర్లు జర్మనీలో ఉండేవి. విశ్వవిద్యాలయాలకు ఘనత కట్టబెట్టాలని దీన్ని కూడా వాళ్ల ఖాతాలో రాసే వ్యాసాలు చదివాను, సరికాదు. దాని ఫలితాన్ని కొలిచినవాళ్లు మాత్రం విశ్వవిద్యాలయాల వాళ్లే. తవ్‌నీత్ సూరి, విలియం జాక్ అనే ఆర్థికవేత్తలు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం దానివల్ల 1,94,000 కెన్యా కుటుంబాలు, అంటే దేశంలోని కుటుంబాల్లో నూటికి రెండు, పేదరికం నుంచి బయటపడ్డాయి. నూటికి రెండు అంటే తక్కువగా వినిపిస్తుంది. ఒక ఫోను సేవకు అది చాలా ఎక్కువ.

విశ్వవిద్యాలయంలోనే పుట్టిన దానికి ఉదాహరణ కావాలంటే ఉగాండాలోని మకెరెరె విశ్వవిద్యాలయం చూడండి. 1922లో సాంకేతిక పాఠశాలగా మొదలైన చోటు అది. అక్కడి కృత్రిమ మేధ ప్రయోగశాల పట్టుకున్న సమస్య కర్రపెండలం. గోదావరి జిల్లాల వాళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు, మన సగ్గుబియ్యం దానిదే. ఉగాండాలో అది పేదవాడి అన్నం. దానికి మొజాయిక్ తెగులు, బ్రౌన్ స్ట్రీక్ తెగులు పడతాయి. రెండోది మరీ మోసకారి, పైన ఆకు కొంచెం పసుపెక్కుతుంది, లోపల దుంప గోధుమరంగుకు తిరిగి కుళ్లుతుంది. తవ్వేదాకా రైతుకు తెలియదు. తెగులు గుర్తించే నిపుణులు దేశం మొత్తానికి కొద్దిమంది. అందుకని ఫోను కెమెరాతో ఆకు ఫోటో తీస్తే తెగులు పేరు చెప్పే పద్ధతి మీద అక్కడివాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు. రైతులు తీసిన ఫోటోలకు నములొంగెలోని పంటల పరిశోధన సంస్థ నిపుణులు ఒక్కొక్కదానికీ తెగులు పేరు రాశారు. అలా తయారైన 21,367 ఫోటోలను 2020లో ప్రపంచంలో ఎవరైనా పాల్గొనగల ప్రోగ్రామింగ్ పోటీకి ఇచ్చారు. ప్రతి ఫోటో నాలుగు తెగుళ్లలో ఏదో, లేక ఆరోగ్యమైన ఆకో ప్రోగ్రామ్ చెప్పాలి.

ఇందులో నన్ను ఆకట్టుకున్నది ప్రోగ్రామ్ కాదు, ఆ లేబుళ్లు రాసిన శ్రమ. ప్రోగ్రామ్ ఎక్కడైనా రాయవచ్చు. ఆ పొలం, ఆ ఆకు, ఆ మచ్చ తెలిసినవాడు ఉగాండా రాజధాని కంపాలా దగ్గర తప్ప దొరకడు. ఇదే మకెరెరెలో ఎయిర్‌కో అనే బృందం చవక గాలి పరీక్ష పరికరాలు చేసి బోడా బోడాలకు, అంటే అద్దె మోటారు సైకిళ్లకు, కట్టి నగరంలో ఎక్కడ గాలి ఎంత చెడిందో కొలిచింది. ఖరీదైన విదేశీ పరికరం అక్కడి దుమ్ములో, కరెంటు కోతల్లో బతకదని వాళ్లకు ముందే తెలుసు.

ఇంకొన్ని క్లుప్తంగా. ఘనాలో పాట్రిక్ అవువా మైక్రోసాఫ్ట్ ఉద్యోగం మానుకుని వచ్చి 2002లో ఆక్రాలో ఒక అద్దె ఇంట్లో 30 మందితో అషేసి విశ్వవిద్యాలయం పెట్టారు. అక్కడ పరీక్ష గదిలో పర్యవేక్షకులు ఉండరు, కాపీ కొట్టబోమని విద్యార్థులే మాట ఇచ్చుకుంటారు. మన పరీక్షల్లో ఇన్విజిలేటరుగా నిలబడినవారెవరికైనా ఇది నమ్మశక్యంగా ఉండదు. రువాండా ప్రభుత్వం 2011లో అమెరికా విశ్వవిద్యాలయం కార్నెగీ మెలన్‌తో ఒప్పందం చేసుకుని కిగాలీలోనే ఐటీలో మాస్టర్స్ చదువు పెట్టించింది, పిల్లలు అమెరికా వెళ్లి తిరిగిరాకపోవడం కంటే ఇది నయమని. నైజీరియాలో ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ పేస్టాక్‌ను పెట్టిన ఇద్దరూ బాబ్‌కాక్ విశ్వవిద్యాలయంలో కలిసి చదివినవాళ్లు. 2020లో స్ట్రైప్ అనే చెల్లింపుల కంపెనీ దాన్ని 20 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి కొన్నది.

నైజీరియా అన్నాను కాబట్టి రెండో వైపు కూడా. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల అధ్యాపకులు 2020లో తొమ్మిది నెలలు సమ్మె చేశారు, 2022లో ఫిబ్రవరి 14 నుంచి అక్టోబరు 14 దాకా మళ్లీ చేశారు. నాలుగేళ్ల డిగ్రీ ఆరేళ్లకు పాకితే పిల్లవాడు ఫోనులో వీడియోలు చూసి కోడింగ్ నేర్చుకుంటాడు. అక్కడి ఐటీ కుర్రవాళ్లలో పెద్ద భాగం అలా స్వయంగా తయారైనవాళ్లే. ఇథియోపియాలో 2016లో ప్రవేశ పరీక్ష ప్రశ్నపత్రం బయటికి పొక్కిందని మరుసటి ఏడాది పరీక్షల రోజుల్లో దేశమంతటా ఇంటర్నెట్ ఆపేశారు. 2020లో అల్లర్ల తర్వాత వారాల తరబడి ఆపారు. ఐటీని నమ్ముకుని దుకాణం తెరిచినవాడు ఆ వారాల అద్దె ఎక్కడినుంచి తెస్తాడు?

ఈ బలహీనతకు పాత కారణం ఒకటుంది. 1980లలో, 90లలో అప్పులిచ్చే పెద్దలు, ముఖ్యంగా ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికాలో ప్రాథమిక విద్య మీద పెట్టిన రూపాయికే లాభం ఎక్కువని లెక్కకట్టి పెద్ద చదువులను పక్కకు నెట్టారు. గ్రంథాలయాల్లో ఆ ఇరవై ఏళ్ల పత్రికలు ఉండవు, బీరువాలో ఖాళీ అరలుగా ఆ కాలం కనిపిస్తుంది. 2000లో ప్రపంచ బ్యాంకు, యునెస్కో కలిసి వేసిన కార్యదళమే ఆ ధోరణిని తప్పుపట్టింది. 2014లో బ్యాంకే అక్కడి విశ్వవిద్యాలయాల్లో ప్రతిభా కేంద్రాలకు డబ్బివ్వడం మొదలుపెట్టింది. ఈలోగా ఒక తరం అధ్యాపకులు తయారు కాలేదు.

హైదరాబాదుతో పోలిక దగ్గరికి వస్తాను. అక్కడి మంత్రులు, అధికారులు మన నగరానికి వచ్చి హైటెక్ సిటీ ముందు ఫోటో దిగి వెళుతుంటారు. 1998లో సైబర్ టవర్స్ లేచింది, ఐటీ వచ్చింది అనుకుంటారు. అంతకు ముందే హైదరాబాదులో, చుట్టుపక్కల 1918 నాటి ఉస్మానియా, 1959 నాటి ఇంజనీరింగు కళాశాల వరంగల్ ఆర్‌ఈసీ, 1967 నాటి ఈసీఐఎల్, రక్షణ ప్రయోగశాలలు ఉన్నాయి. కంపెనీలకు కావలసిన ఇంజనీర్లు దశాబ్దాల ముందునుంచే వరుసలో నిలబడి ఉన్నారు. మేడ చివర వచ్చింది. కెన్యా ప్రభుత్వం నైరోబీకి అరవై కిలోమీటర్ల దూరంలో కొంజా అనే సాంకేతిక నగరానికి 2013 జనవరిలో శంకుస్థాపన చేసింది. ఏళ్లు గడిచినా నేను ఆ దారిన పోయినప్పుడల్లా కంచె, జిరాఫీలే కనబడేవి. అదే కాలంలో నగరంలో ఎన్‌గాంగ్ రోడ్డు మీద ఒక భవనం నాలుగో అంతస్తులో 2010లో పెట్టిన ఐహబ్‌లో, కాఫీ, మంచి ఇంటర్నెట్ ఉన్న ఒక్క హాలులో, బోలెడు కంపెనీలు మొదలయ్యాయి. ఇంకో తేడా, మన ఐటీ అమెరికాకు పనిచేసి బతికింది. కెన్యా, నైజీరియాల్లో పేరు తెచ్చుకున్నవి ఎక్కువగా సొంత జనం జేబులోని సమస్య తీర్చినవి. ఈ విషయంలో వాళ్లు మనల్ని అనుకరించకపోవడమే మంచిది.

మన దేశం చేసినవీ ఉన్నాయి. మన ఆసుపత్రులను, విశ్వవిద్యాలయాలను దూరం నుంచే అక్కడివాటితో కలపడానికి అబ్దుల్ కలాం 2004లో ప్రతిపాదించిన పాన్ ఆఫ్రికన్ ఈ-నెట్‌వర్క్ కోసం మొదటి ప్రయోగం ఇథియోపియాలోనే జరిగింది. అడిస్‌లోని బ్లాక్ లయన్ ఆసుపత్రిని హైదరాబాదు కేర్ ఆసుపత్రితో, అడిస్ అబాబా విశ్వవిద్యాలయాన్ని ఇగ్నోతో కలిపారు. ఆలోచన మంచిదే. కానీ ఎదురుగా కూర్చుని సందేహం అడగలేని పాఠం ఎంత దూరం పోతుందో కరోనా కాలంలో మనమే చూశాం. 2023లో ఐఐటీ మద్రాసు టాంజానియాలోని జాంజిబార్‌లో ప్రాంగణం తెరవడం నాకు ఇంకా నచ్చింది. అక్కడే ఉండి చెప్పే పాఠం అది.

మీ సంగతి. వెళ్లండి. వెళ్లాక మొదటి సెమిస్టర్ ఏ కొత్త కోర్సూ ప్రతిపాదించకండి. రిజిస్ట్రార్ ఆఫీసు, జిల్లా ఆసుపత్రి, కాఫీ రైతుల సహకార సంఘం, ఈ మూడు చోట్ల కౌంటర్ దగ్గర గంట నిలబడితే మీ విద్యార్థులకు అయిదేళ్లకు సరిపడా ప్రాజెక్టులు దొరుకుతాయి. ప్రతి ప్రాజెక్టులో మీతోపాటు ఒక స్థానిక జూనియర్ లెక్చరర్‌ను తప్పకుండా కూర్చోబెట్టండి, బ్యాకప్ ఎక్కించడం అతనిచేత మూడుసార్లు చేయించండి. నేను చేయనిది అదే, ఆ రిజిస్టర్లు తిరిగి రావడంలో నా తప్పూ ఉంది. పాఠాలు, సాఫ్ట్‌వేర్, పుస్తకాలు అన్నీ ఇక్కడే డిస్కులోకి ఎక్కించుకుని పట్టుకెళ్లండి, అక్కడ దించుకోవచ్చులే అనుకోవద్దు. అమ్హారిక్ అక్షరాలు నేర్చుకోండి. మన గుణింతం లాగే ప్రతి హల్లుకూ ఏడు రూపాలు, తెలుగువాడికి నెల చాలు.

ఇంకొకటి, దీనివల్ల నేను మొదటి రోజే అభాసుపాలయ్యాను. అక్కడ గడియారం సూర్యోదయంతో మొదలవుతుంది. మీ టైంటేబుల్‌లో మొదటి తరగతి 2 గంటలకు అని రాసి ఉంటే మధ్యాహ్నం భోంచేసి వెళ్లకండి, అది ఉదయం ఎనిమిది.